ఒళ్లో బిడ్డ బరువు: మేరీ కసాట్ చూపిన దారిలో తల్లీబిడ్డల పాస్టెల్ బొమ్మ

తల్లీబిడ్డల బొమ్మ వేసేవాళ్లు చాలామంది ముఖాలతో మొదలుపెడతారు. రెండు ముఖాలూ చక్కగా కుదురుతాయి. వాటి కింద ఎవరివో అరువు తెచ్చినట్టున్న చేతులు, ఒళ్లో కూర్చోకుండా గాల్లో తేలుతున్న బిడ్డ. చివరికి అది క్యాలెండర్ బొమ్మ అయి ఊరుకుంటుంది. క్యాలెండర్‌లో యశోద చంకనున్న కృష్ణుడికి బరువుండదు. ఉండక్కర్లేదు కూడా, ఆయన దేవుడు. మామూలు పిల్లాడికి ఉంటుంది. పది కిలోల బిడ్డను ఎత్తుకున్న మనిషి నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక భుజం లేస్తుంది, వేళ్లు బిడ్డ తొడలోకి దిగబడతాయి.

ఇంప్రెషనిస్టుల్లో (పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్స్ చిత్రకారుల బృందం) ఈ బరువును అందరికంటే బాగా పట్టుకున్నది మేరీ కసాట్. 1844లో అమెరికాలో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, చిత్రకారుడు డెగా పిలుపు మీద ఆ బృందంలో చేరింది. వాళ్ల ప్రదర్శనల్లో నాలుగింటిలో (1879, 1880, 1881, 1886) ఆమె బొమ్మలున్నాయి. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎక్కువగా చుట్టాల పిల్లలు, ఊళ్లో ఆడవాళ్లు, ఇంట్లో పనిచేసేవాళ్లు. తల్లి అయితే తప్ప ఇలాంటివి వేయలేరన్న మాట ఇక్కడ చెల్లదు.

కింద చెప్పేది, పొడిగా రాలే రంగు కడ్డీలైన సాఫ్ట్ పాస్టెల్‌తో, 50 × 32.5 సెం.మీ. కాగితం మీద వేసే బొమ్మ గురించి. మూడు నాలుగు విడతల్లో, మొత్తం ఎనిమిది పది గంటల పని.

ముందు కళ్లు చేయాల్సిన పని

కసాట్ 1893లో వేసిన ‘బిడ్డ స్నానం’ చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తైలవర్ణ చిత్రం, 100.3 × 66.1 సెం.మీ. ఆ మ్యూజియం వెబ్‌సైట్ నుంచి పెద్ద సైజు ఫొటో ఉచితంగా దించుకోవచ్చు. ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి, పైన బటర్ పేపర్ పెట్టి చేతులూ పాదాలూ మాత్రమే దిద్దండి. ముఖాలు వద్దు. తల్లి ఒక చెయ్యి బిడ్డ నడుము చుట్టూ ఉంటుంది, రెండో చెయ్యి బేసిన్‌లో బిడ్డ పాదం మీద. బిడ్డ ఒక చేత్తో తల్లి తొడ మీద ఊతం తీసుకుంటుంది, రెండోది తన తొడ మీదే గట్టిగా ఆనించుకుంటుంది. నాలుగు చేతులూ దేన్నో ఒకదాన్ని నొక్కుతూనే ఉన్నాయి. ఒక్కటీ అలంకారానికి లేదు. చూపులు కూడా అంతే. తల్లి బిడ్డను చూడదు, బిడ్డ మనల్ని చూడదు, ఇద్దరూ నీళ్లలోని పాదాల్నే చూస్తారు. ముఖంలో ఏ భావమూ పెద్దగా వేయకుండానే దగ్గరితనం వచ్చేసింది.

రెండో పాఠం ‘నిద్రమత్తులోని బిడ్డకు స్నానం చేయించబోతున్న తల్లి’ (1880, లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం). నిద్రపోయిన బిడ్డ రెండింతలు బరువని మన ఇళ్లలో అంటుంటారు కదా, ఆ మాటకు బొమ్మ కడితే ఇదే. కాళ్లు వదులుగా వేలాడతాయి, తల తల్లి చేతిలోకి ఒరిగిపోతుంది. మెలకువగా ఉన్న బిడ్డ తన బరువులో కొంత తనే మోసుకుంటుంది. నిద్రపోతే మొత్తం తల్లికే వదిలేస్తుంది. మీ బొమ్మలో బిడ్డ ఈ రెంటిలో ఏ స్థితిలో ఉందో మొదటే తేల్చుకోండి. సగం సగం వేస్తే బిడ్డ బొమ్మ కాదు, గుడ్డపేలికల బొమ్మ అవుతుంది.

మూడోది అదే బృందంలోని చిత్రకారిణి బెర్త్ మోరిసో వేసిన ‘ఊయల’ (1872). దానికి తర్వాత వస్తాను.

పాత బొమ్మను నమూనాగా తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. పాలిస్తున్న ప్రతి స్త్రీ తల్లి కాదు. మోరిసో 1880 నాటి బొమ్మలో ఆమె కూతురు జూలీకి పాలిస్తున్నది ఆంజెల్ అనే దాది, జీతానికి వచ్చిన మనిషి. తల్లి బొమ్మ బయట, ఈజిల్ ముందు నిలబడి ఉంది! అలాగే ఆ బృందంలోనే ఉన్న రెన్వార్ 1878లో వేసిన షార్పాంతియే కుటుంబం బొమ్మలో ఇద్దరు ఆడపిల్లల్లా కనిపించేవాళ్లలో ఒకడు పాల్ అనే మగపిల్లాడు. ఆ రోజుల్లో చిన్న మగపిల్లలకూ గౌన్లే తొడిగేవారు.

సామాను

దుకాణంలో “పాస్టెల్స్” అని ఊరికే అడిగితే బడిపిల్లల ఆయిల్ పాస్టెల్స్ చేతిలో పెడతారు. అవి మైనం, నూనె కలిసినవి. ఈ పనికి పనికిరావు. “సాఫ్ట్ పాస్టెల్” అని గట్టిగా చెప్పండి. వేలితో రుద్దితే పొడి రాలాలి. సగం ముక్కల 64 రంగుల సెట్ చాలు. 32 రంగులది కొంటే ఒంటిరంగులు తక్కువ పడతాయి, అవి విడిగా తీసుకోవాలి.

కాగితం 160 జీఎస్ఎం పాస్టెల్ కాగితం, 50 × 65 సెం.మీ. షీటు. తెల్లది వద్దు. లేత మట్టిరంగో, నీలి బూడిదరంగో తీసుకోండి. షీటును అడ్డంగా రెండు చేస్తే 50 × 32.5 వస్తుంది. ‘బిడ్డ స్నానం’ నిడివి వెడల్పుల నిష్పత్తి కూడా దాదాపు ఇదే. కొన్ని కంపెనీల కాగితానికి ఒక పక్క తేనెపట్టులాంటి గరుకు అచ్చు ఉంటుంది. బిడ్డ చర్మం వేసేటప్పుడు ఆ గళ్లన్నీ బుగ్గల మీద పైకి తేలతాయి, అందుకని నున్నటి పక్క వాడండి. కింద నాలుగైదు పాత న్యూస్‌పేపర్లు పరిచి బోర్డుకు క్లిప్ చేస్తే కడ్డీ మెత్తగా ఆనుతుంది.

ఇంకా సన్న విల్లో బొగ్గు, ముద్దగా నలిగే నీడెడ్ రబ్బరు, గట్టి వెంట్రుకల పాత పెయింటింగ్ బ్రష్, రంగు పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్ స్ప్రే, ఎన్95 మాస్కు కావాలి. నీడెడ్ రబ్బరు దొరక్కపోతే రొట్టె లోపలి మెత్తని భాగాన్ని ఉండగా నలిపి అద్దండి. పాతకాలపు చిత్రకారులు బొగ్గు గీతలు తుడిచింది దానితోనే.

పాస్టెల్ పొడి మంచిది కాదు, కొన్ని రంగుల్లో లోహాలుంటాయి. బిడ్డ ఉన్న గదిలో పాస్టెల్ తీయకండి. అక్కడ బొగ్గుతోనో పెన్సిల్‌తోనో స్కెచ్‌లు చేసుకుని, రంగుల పని వేరే గదిలో చేయండి. రాలిన పొడిని నోటితో ఊదకూడదు. బోర్డును నిలువుగా పట్టుకుని వెనక నుంచి తట్టి, కిందపడిందాన్ని తడిగుడ్డతో ఎత్తేయాలి.

కూర్చోబెట్టడం, వెలుతురు

ఫ్రాన్స్‌లో స్టూడియోలకు ఉత్తరపు కిటికీ పెట్టుకునేవారు, అటు నుంచి ఏడాది పొడుగునా నిలకడైన వెలుతురు వస్తుందని. ఆ సలహాను ఇక్కడ కళ్లు మూసుకుని పాటిస్తే దెబ్బతింటారు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఎండైతే మార్చి ఆఖరు నుంచే ఉత్తరపు కిటికీలోకి ఏటవాలుగా పడుతుంది. ఆ నెలల్లో కిటికీకి పాత తెల్ల పంచె ఒక మడత కట్టండి. నీడల అంచులు మెత్తబడతాయి. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు పడితే బిడ్డ ఒంటి గుండ్రదనం చచ్చిపోతుంది.

కసాట్ స్నానం బొమ్మ పైనుంచి చూసినట్టుంటుంది. 1890లో పారిస్‌లో జరిగిన జపాన్ ముద్రణ చిత్రాల ప్రదర్శన ఆమెను బాగా కదిలించింది, ఈ కోణం వెనక ఆ చూపే ఉంది. ఇది మనకు ఇంకా తేలిక. తల్లి గానీ అమ్మమ్మ గానీ పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి లాల పోసే భంగిమ కళ్లముందే ఉంది. మీరు నిలబడితే చాలు, పై చూపు అదే వస్తుంది. బేసిన్ అంచు కంటే మీ కన్ను మీటరు ఎత్తులో, అడ్డంగా మీటరు దూరంలో ఉంటే 45 డిగ్రీలు. అప్పుడు బేసిన్ నోరు వెడల్పు 10 సెం.మీ. వేస్తే ఎత్తు 7 సెం.మీ. వేయాలి. చాలామంది అలవాటుకొద్దీ 3 సెం.మీ. వేస్తారు. అప్పుడు మనుషులు పైనుంచి, బేసిన్ పక్కనుంచి కనబడి, బిడ్డ జారిపోతున్నట్టు అనిపిస్తుంది. భంగిమ పెట్టడానికి ఖాళీ బేసిన్ చాలు, బిడ్డను తడిలో కూర్చోబెట్టకండి.

కట్టుకున్నది చారలదో గళ్లదో అయిన నేతచీర అయితే మేలు. కసాట్ ఆ తల్లికి చారల గౌను ఊరికే తొడగలేదు. చార మోకాలి మీద వంపు తిరిగితే లోపల మోకాలుందని తెలుస్తుంది, ఒళ్లో కుంగితే పైన బరువుందని తెలుస్తుంది. పువ్వుల సిల్కు చీరైతే అంతా అల్లికలా కలిసిపోతుంది.

బిడ్డ కుదురుగా ఉండదు. ఉంచాలని చూడకండి. చేతికి చెంచానో గిలక్కాయో ఇచ్చి, రెండేసి నిమిషాల స్కెచ్‌లు ఇరవై ముప్పై చేయండి. పిల్లలు కదిలినా మళ్లీ మళ్లీ అదే భంగిమకు వస్తారు, కాబట్టి ఒకే కాగితం మీద నాలుగు స్కెచ్‌లు సగం సగం నడుపుతూ, ఏ భంగిమ తిరిగొస్తే దాన్ని కొంత ముందుకు తీసుకెళ్లండి. ఫోన్‌తో ఫొటో తీస్తే రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే ముందుకొచ్చిన చెయ్యి తలంత అవుతుంది.

బొగ్గు గీత

ముందు 5 × 7.5 సెం.మీ. గళ్లలో ఆరు చిన్న బొమ్మలు గీయండి, ముఖాల్లేకుండా ముదురు, నడిమి, లేత అని మూడు మచ్చలతో. తల్లీబిడ్డా కలిసి ఒకే ముద్దగా కనబడేది తీసుకోండి. ఇద్దరి మధ్య గాలి ఆడే సందులు రెండుకు మించితే ఆ కూర్పు వదిలేయడం మంచిది.

పెద్ద కాగితం మీద తల్లి తల 7 సెం.మీ. అనుకుంటే ఏడాది బిడ్డ తల 5 నుంచి 5.5 సెం.మీ. ఉండాలి. ఇది నమ్మబుద్ధి కాదు. చెయ్యి దానంతటదే 3.5 వేస్తుంది, బిడ్డ కాస్తా కుదించిన పెద్దమనిషి అవుతుంది. ఏడాది బిడ్డ పొడవు సుమారు నాలుగు తలలు. ఎదిగిన మనిషి ఏడు, ఏడున్నర. కళ్లు తల సగం గీతకు కొంచెం కిందికి వస్తాయి, ముక్కూ నోరూ ఆ కింది సగంలోనే ఇరుక్కుంటాయి. మెడ దాదాపు కనబడదు. చేతులు పైకెత్తితే మాడు దాటీ దాటనట్టుంటాయి.

ఇప్పుడు బరువు. అది నాలుగు చోట్ల కనబడాలి. బిడ్డ ఒక పక్కనుంటే తల్లి మొండెం రెండో పక్కకు వాలాలి. బిడ్డ పిరుదుల కింద గీత గుండ్రంగా కాకుండా చదునుగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఒంటిని తొడో ముంజేయో నొక్కుతోంది. గుడ్డ మడతలు ఆ నొక్కిన చోటు నుంచి విసనకర్ర పుల్లల్లా బయటికి రావాలి. నాలుగోది వేళ్లు, అన్నిటికంటే కష్టమైనదీ అదే. వేలు తాకినచోట బిడ్డ తొడ గీతను తెంపేయండి. వేలి పక్కన కండ కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీద వెలుతురు పడుతుంది. వేలికీ కండకీ మధ్య వెంట్రుకవాసి ముదురు గీత ఒకటుంటుంది. అది నలుపు కాదు, ఎర్రటి గోధుమ రంగు. ఈ మూడూ ఒక్క వేలి దగ్గర సరిగ్గా పడితే మిగిలిన వేళ్లను మచ్చలుగా వదిలేసినా ఫర్వాలేదు.

గీత అయ్యాక బొగ్గును మెత్తటి బ్రష్‌తో దులిపేయండి, లీలగా కనబడితే చాలు. ఎక్కువ బొగ్గు మిగిలితే పైన వేసే రంగంతా బూడిదవుతుంది.

రంగు

సెట్‌లో ‘ఫ్లెష్’ అని ఒక గులాబీ కడ్డీ ఉంటుంది. పక్కన పెట్టేయండి. అది ఏ మనిషి ఒంటికీ సరిపోదు, మన ఒంటికైతే మరీను. చామనఛాయకు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) నడిమి రంగులుగా తీసుకోండి. నీడకు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) మీద వంగపండు రంగు, వెనక్కి తిరిగే అంచుల్లో కొద్దిగా ఆలివ్ ఆకుపచ్చ. కిటికీ వైపు మెరుపుకు తెలుపు కాకుండా లేత నీలిబూడిద లేదా లేత నారింజ. బిడ్డ చెవులు, వేళ్ల కొసలు, మోకాళ్లు, మడమలు ఒక పిసరు ఎర్రగా ఉంటాయి. అక్కడ ఇండియన్ రెడ్ రెండు మూడు గీతలు చాలు. నల్ల కడ్డీ పెట్టె దాటకూడదు.

మొదటి పొర కడ్డీని పడుకోబెట్టి, పక్కతో లేతగా. కాగితం రంగు సగం కనబడుతూనే ఉండాలి, నడిమి రంగు పని అదే చేస్తుంది. రెండో పొర నుంచి కొసతో, ఒకే దిక్కుకు వాలిన గీతలుగా. కసాట్ పాస్టెల్స్‌లో బట్టలూ వెనకభాగమూ ఇలాంటి గీతలతో దాదాపు విడిచిపెట్టినట్టుంటాయి, ముఖాలూ చేతులూ మాత్రం దగ్గరగా నేసినట్టుంటాయి. ఆ తేడాయే కంటిని ముఖాలూ చేతుల దగ్గరికి నడిపిస్తుంది. అన్నిచోట్లా ఒకే శ్రద్ధ పెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. మీ సమయంలో సగం చేతులకూ పాదాలకూ, పావు ముఖాలకూ ఇవ్వండి. చీర మిగిలిన పావులో అయిపోవాలి.

తెల్ల గుడ్డను తెల్లగా వేయకండి. నీడలో అది లావెండర్, నీలిబూడిద. బిడ్డ ఒంటికి ఆనినచోట పసుపు నారింజ. అసలు తెలుపు బొమ్మ మొత్తంలో మూడు నాలుగు చోట్ల, అదీ ఆఖర్న.

దోమతెర వేయాలంటే

మోరిసో ‘ఊయల’ పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పెట్టారు. అప్పట్లో అమ్ముడుపోలేదు, ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోయి 1930లో పారిస్ లూవ్ర్ మ్యూజియం కొన్నాక బయటికొచ్చింది. అక్క ఎడ్మా, ఆమె కూతురు బ్లాంష్. తల్లి మడిచిన చెయ్యి, నిద్రలో బిడ్డ మడిచిన చెయ్యి ఒకదానికొకటి జవాబులా ఉంటాయి. మధ్యలో పలచటి తెర, దాన్ని తల్లి వేళ్లతో పట్టుకుని ఉంటుంది. ఇక్కడ బరువు లేదు, అది ఊయల మోస్తోంది. దాని బదులు చూపు.

మీరు చీర ఊయలో దోమతెరో వేయాలనుకుంటే తెరను తెల్ల గీతలతో గీయకండి. ముందు వెనకనున్న బిడ్డను పూర్తిగా, కానీ ఉన్నదానికంటే రెండు మెట్లు బూడిదగా, ముదురు లేత తేడాలు తగ్గించి వేయండి. కొద్దిగా ఫిక్సెటివ్ కొట్టి ఆరనివ్వండి. తర్వాత లేత నీలిబూడిద కడ్డీని పడుకోబెట్టి, బరువు ఆనించకుండా, తెర వేలాడే దిక్కులో ఒక్కసారి లాగండి. రెండోసారి లాగితే తెర దుప్పటి అవుతుంది. మడతలు ఒకదాని మీదొకటి పడినచోట మాత్రమే మళ్లీ ఒక గీత.

చెడిపోయేది ఎక్కడ

నాలుగైదు పొరలయ్యాక కాగితం గరుకు నిండిపోతుంది. కడ్డీ జారుతుంది, మెరుస్తుంది, రంగు పట్టదు. పైన ఇంకా అదమకండి. ఆ చోటును గట్టి బ్రష్‌తో దులిపి, 30–40 సెం.మీ. దూరం నుంచి ఫిక్సెటివ్ రెండుసార్లు తేలికగా కొట్టి, పావుగంట ఆగి మళ్లీ వేయండి. ఈ పని బాల్కనీలోనో డాబా మీదో చేయాలి. ఫిక్సెటివ్ లేత రంగులను ముదురు చేస్తుంది కాబట్టి ఆఖరి పొర మీద కొట్టకూడదు. కొడితే బిడ్డ నుదుటి మీది వెలుతురు ఆరిపోతుంది.

వేలితో రుద్దడం ఇంకో జాడ్యం. మొదటి పొరకు ఫర్వాలేదు. ఆ తర్వాత రుద్దితే వేలి జిడ్డుతో రంగులు కలిసి బురదవుతాయి, బుగ్గలు రబ్బరు బొమ్మవవుతాయి.

బిడ్డ ముసలివాడిలా ఉన్నాడంటే కారణాలు ఎప్పుడూ ఇవే: కళ్లు పైకి వెళ్లాయి, ముక్కుపుటాలు ముదురయ్యాయి, ముక్కు నుంచి నోటి దాకా గీత పడింది. మూడోదాన్ని నీడెడ్ రబ్బరుతో అద్ది తీసేస్తేనే పదేళ్లు తగ్గుతాయి.

తల్లి ముఖాన నవ్వు పెట్టాలన్న ఆశ వదులుకోండి. కసాట్ తల్లులు నవ్వడం అరుదు, పనిలో ఉంటారు. నవ్వు పెట్టగానే ఫొటో దిగుతున్నట్టవుతుంది. తల వెనక గుండ్రటి వస్తువు ఏముందో కూడా చూసుకోండి. 1899 ప్రాంతంలో ఆమె వేసిన ఒక బొమ్మలో బిడ్డ తల వెనక కోడిగుడ్డు ఆకారపు అద్దం పడి తేజోవలయంలా కుదిరింది. కొనుక్కున్న హేవ్‌మేయర్ దంపతులు దాన్ని ‘ఫ్లోరెన్స్ మడోన్నా’ (మడోన్నా అంటే బాలయేసు తల్లి మరియ) అని పిలుచుకునేవారు. ఆమె కావాలని చేసింది. మీ బొమ్మలో గోడకు వేలాడే చేట ఆ పని అనుకోకుండా చేసేయవచ్చు.

అద్దం కట్టించడం

ఫ్రేము దుకాణంలో యాక్రిలిక్ షీటు వేస్తామంటే ఒప్పుకోకండి. దాని మీది స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. మామూలు గాజే వేయించాలి. గాజుకూ బొమ్మకూ మధ్య కనీసం 3 మి.మీ. సందు ఉండేలా మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టించాలి. అప్పటిదాకా బొమ్మను చుట్టకండి. పైన బటర్ పేపర్ కప్పి, రెండు అట్టల మధ్య చదునుగా ఉంచండి. కోస్తా జిల్లాల్లో వానాకాలం పాస్టెల్ మీద తెల్లటి బూజు చుక్కలు వస్తాయి, ముఖ్యంగా ముదురు రంగుల మీద. చెమ్మ ఊరే గోడకు వేలాడదీయకండి. ఫ్రేము వెనక కింది మూలలకు రెండు చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది.